నిమ్మళంగా ఉన్న నీళ్ళు

సముద్రానికి హద్దు నియమించిన దేవునికి, ఆ హద్దు తెలియక అడుగు వేసిన మమ్మల్ని తిరిగి ఒడ్డుకు చేర్చిన ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఆయన కృపే లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు చెయ్యి ఆడేది కాదు.

నిన్న హిందూపురంలో మా మందిరం వెనుక గదిలో లైఫ్ జాకెట్ల మూట విప్పాం. వచ్చే వారం మా ఆదివారపు బడి పిల్లలు నలభై మందిని సముద్రానికి తీసుకువెళ్తున్నాం. మూట విప్పగానే కొత్త ప్లాస్టిక్కు, రబ్బరు కలిసిన వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. ఎండకు కాగిన లారీ ట్యూబు కూడా అలాగే వాసన వేస్తుంది. చేతిలోని జాకెట్టు కింద పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒంట్లో బాగాలేదా అని పక్కవాళ్ళు అడిగారు. కరుణమ్మక్క గుర్తుకొచ్చింది అన్నాను. వాళ్ళలో ఎవరూ ఆమెను చూడలేదు. మీరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

కరుణమ్మక్కది ధర్మవరం. ఆరు రోజులు మగ్గాల ఇళ్ళలో అచ్చులు అతికేది, ఏడో రోజు మందిరంలో పిల్లలకు పాఠం చెప్పేది. అచ్చు అతకడమంటే, మగ్గం మీద అయిపోవచ్చిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం. వేలకు వేల పోగులు. వేళ్ళకు బూడిద రాసుకుని, తల వంచి కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తేది కాదు. మధ్యలో ఒక్క పోగు వరస తప్పిందా, అప్పటిదాకా అతికినవి ఎన్ని ఉన్నా లెక్కచేయకుండా ఆ తప్పిన చోటు దాకా విప్పుకుంటూ వెళ్ళేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఒక్క పోగే కదక్కా, ఎవరు చూస్తారు?" అన్నాను. "ఎవరూ చూడరు పాపా. చీర పొడుగునా గీత మాత్రం పడుతుంది" అంది, విప్పుతూనే.

ఆమె చదివింది ఏడో తరగతి. నేను అప్పుడే బి.ఎడ్. పూర్తిచేసి, ఇరవై రెండేళ్ళ వయసులో లోకమంతా తెలిసినట్టు తిరిగేదాన్ని. పిల్లలను సముద్రానికి తీసుకుపోవాలన్న ఆలోచన ఆమెదే. మా పిల్లలు పాటల్లో సముద్రం గురించి పాడేవారు, పాఠాల్లో వినేవారు, బొమ్మల్లో నీలం రంగు పూసేవారు. ఒక్కరూ కళ్ళతో చూడలేదు. ఆమె కూడా చూడలేదు. "చూడనిదాన్ని గురించి ఎన్నాళ్ళని చెప్పేది? నోరు ఎండిపోతాంది" అని ఒక ఆదివారం నాతో అంది. ఇద్దరం నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాం. రాసే పని నాది, ఆలోచించే పని ఆమెది. పొద్దున ఇసుకలో ఆటలు, తరువాత గవ్వలు ఏరడం, జట్లు జట్లుగా సముద్రస్నానం, భోజనం, ఎండ తగ్గాక పడవ మీద ఒక చుట్టు, చివర ఒడ్డున ఆరాధన. ప్రతి దానికీ వేళ, ప్రతి జట్టుకూ ఒక పెద్ద మనిషి. లారీ ట్యూబులు నాలుగు, తాళ్ళు రెండు. ఆ పుస్తకం చూసి మా పాస్టరు అయ్యగారు, "పెళ్ళికి కూడా ఇంత ఏర్పాటు చెయ్యరమ్మా" అని నవ్వారు.

ఇరవై ఆరు మంది పిల్లలు పేర్లిచ్చారు. అందరూ సంఘం పిల్లలు కారు. మా వీధిలో మగ్గం నేసే నారాయణప్ప తన కూతురు జ్యోతి పేరు ఇచ్చాడు. వాళ్ళు వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళు, అయినా ఆ ఇంట్లో అచ్చులన్నీ కరుణమ్మక్కే అతికేది. జ్యోతికి అప్పుడు పన్నెండేళ్ళు. "ఏమక్కా, మా పాప చెరువు దాటి యాడికీ పోలేదు. నిన్ను నమ్మి పంపిస్తాండా" అన్నాడు నారాయణప్ప.

"పంపినట్లే తెచ్చి నీ చేతికిస్తా నారాయణప్పా" అంది అక్క. ఆ మాట అన్న రోజు నుంచి ఆమెకు ఆ ప్రయాణంలో ఒక్కటే పని మిగిలింది. ఇరవై ఆరు మందితో పోవాలి, ఇరవై ఆరు మందితో రావాలి. మిగతా ఆటలూ పాటలూ నావి.

ముందుగా పిల్లలను పెనుకొండ కొండ ఎక్కించింది. చేతులు పట్టుకుని ఇద్దరిద్దరుగా నడవడం, పిలవగానే ఆగడం, ఎవరి జత ఎక్కడుందో ఎవరికి వారు చూసుకోవడం ఆ రాళ్ళ మెట్ల మీద నేర్పింది. దిగేటప్పుడు ఒకడు చెయ్యి వదిలి ముందుకు పరుగెడితే, అందరినీ మళ్ళీ పైదాకా నడిపించింది. పిల్లలు వాణ్ణి రెండు వారాలు తిట్టుకున్నారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, ధర్మవరం చెరువు నిండింది. నీళ్ళలో దిగడం అక్కడ నేర్పింది. మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకు నీళ్ళంటే చెరువే. చెరువులో నీళ్ళు కదులుతున్నాయంటే దగ్గరలో తూము లాగుతోందనో, నిండిన నీళ్ళు బయటికి పోయే మరవ పొర్లుతోందనో అర్థం. అక్కడికి పోకూడదు. నీళ్ళు ఎక్కడ నిలకడగా ఉంటే అక్కడ దిగాలి. మాకు మా అవ్వలు చెప్పిందీ, ఆమె పిల్లలకు చెప్పిందీ అదే. "నీళ్ళు నిమ్మళంగా ఉండే చోటే దిగల్ల. ఏం చెప్పినా?" అంటే, "నిమ్మళంగా ఉండే చోటే!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచేవారు.

"అక్కా, సముద్రం నిండితే మరవ యాడ పారుతుంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

"దాన్ని చేసినాయన్ని అడుగు. నాకు మన చెరువు మరవే సరిగ్గా తెలీదు" అంది అక్క. అందరం నవ్వాం.

నెల్లూరు వైపు ఒక చిన్న తీరపు ఊరికి వెళ్ళాం. బస్సు దిగి ఇసుక దిబ్బ ఎక్కగానే పిల్లల మాటలు ఆగిపోయాయి. కరుణమ్మక్క చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, చాలాసేపు అలాగే నిలబడింది. తరువాత అందరం ఇసుకలో మోకరించాం. పిల్లలను దించడానికి ఒక నిమ్మళమైన చోటు చూపించమని ప్రార్థించాం. అలలు మనిషెత్తు కాకపోయినా గట్టిగానే విరుగుతున్నాయి. పిల్లలు భయపడుతున్నారు. కళ్ళు తెరిచి చూసినప్పుడు నాకు ఆ తోవ కనిపించింది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, వాటి మధ్య ఒక సందులో మాత్రం నీళ్ళు నున్నగా, కాస్త నల్లగా, చెరువు నీళ్ళలా ఉన్నాయి. ఒడ్డు నుంచి లోపలికి దారి వేసినట్టుగా ఉంది. సముద్రం మధ్య తన ప్రజలకు దారి చేసిన దేవుణ్ణి పుట్టినప్పటి నుంచి పాడుతూ పెరిగినదాన్ని. నా ఒళ్ళు పులకరించింది.

"అక్కా, అటు చూడు! దేవుడు మనకు తోవ చేసినాడు" అన్నాను.

అక్క చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "స్తోత్రం ప్రభువా" అంది. "రాండి పిల్లోల్లూ, ఆడ నిమ్మళంగా ఉండాది."

మొదటి జట్టు ఆడపిల్లలు. నడుం లోతు దాకా పోనిచ్చాను. నేను వాళ్ళకు అవతల వైపు, లోపలికి ఎవరూ పోకుండా నిలబడ్డాను. మొదట హాయిగానే ఉంది. తరువాత కాళ్ళ కింద ఇసుక కదిలింది. ఎవరో కింది నుంచి జంబుఖానా లాగుతున్నట్టు అనిపించింది. చెరువులో అడుగు బురదలో దిగుతుందే కానీ, నేల మనల్ని వదిలేసి పోదు. ఇక్కడ నేల పోతోంది. ఒడ్డు వైపు వేసిన అడుగు వేసినట్టే వెనక్కి వస్తోంది. "బయటికి! బయటికి!" అని కరుణమ్మక్క అరుపు వినిపించింది. పిల్లలు కొండ మీద నేర్చుకున్నట్టే జత చేతులు వదలకుండా ఒకరినొకరు లాక్కుంటూ అంచున ఉన్న అలల్లోకి పడ్డారు. ఆ అలలే వాళ్ళను ఒడ్డుకు తోశాయి. నన్నూ ఒక అల తోసింది. లేచి చూస్తే జ్యోతి లేదు. ట్యూబు పట్టుకుని ఆ నున్నటి తోవలో లోపలికి పోతోంది. ఆమె అరవడం కనిపిస్తోంది, వినిపించడం లేదు.

కరుణమ్మక్కకు ఈత రాదు. చీరతోనే మెడ లోతు దాకా వెళ్ళింది. ఇద్దరు పెద్దలు ఆమెను పట్టుకుని వెనక్కి లాగారు. దిబ్బ కింద వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకడు లేచి, మనిషి గొంతు అని నమ్మలేనంత పెద్దగా కేకవేశాడు. "ట్యూబు వదలబాక పాపా! ఈదబాక! పట్టుకొనుండు, వస్తన్నాం!" ఇద్దరు మనుషులు చిన్న పడవ తోసుకుని వెళ్ళారు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. చాలా దూరం పక్కకు పోయి, అక్కడ జ్యోతిని ఎక్కించుకుని తెచ్చారు. కరుణమ్మక్క ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, మిగతా వాళ్ళను వేలితో తాకుతూ లెక్కపెట్టింది. ఇరవై ఆరు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

ముసలాయన కోపంగా వచ్చాడు. "ఎవురు దిగమన్నారమ్మా ఆడ? అలలు విరగని చోట దిగుతారా ఎవురన్నా? ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పొయ్యే దారమ్మా అది!"

నేను నోరు తెరవలేదు. "నేనే దిగమంటి తండ్రీ" అంది కరుణమ్మక్క. "ఇప్పుడు చెప్పినావే, అది మా పిల్లోల్లందరికీ ఇంకోసారి చెప్పు." ఆయన్ను ఇసుకలో కూర్చోబెట్టి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి చెప్పించింది. ఆ రోజు పడవ లేదు, స్నానం లేదు. దిబ్బ మీద కూర్చుని అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో చూడడం ఒక్కటే పని.

తిరుగు ప్రయాణంలో ఆమె పక్కన కూర్చుని అన్నాను, "అక్కా, చావు నోట్లో నుంచి దేవుడు జ్యోతిని తీసినాడు. ఆదివారం ఇదే సాక్ష్యంగా చెప్తాం." ఆమె కిటికీలోంచి చూస్తూ, "నిద్రపో పాపా" అంది.

ధర్మవరంలో దిగగానే తన ఇంటికి పోలేదు. జ్యోతి చెయ్యి పట్టుకుని నేరుగా నారాయణప్ప ఇంటికి నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. ఆయన మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. "వస్తిరా! రాక్కా, కూచో, నీళ్ళు తాగు" అన్నాడు.

"ముందు నేను చెప్పేది విను" అంది. నిలబడే అంతా చెప్పింది. ఏదీ తగ్గించలేదు, దేవుడి పేరు కూడా మధ్యలోకి తేలేదు. "తెలీని నీళ్ళల్లో తెలిసినట్ల దించినా. తప్పు నాది" అని ముగించింది.

నారాయణప్ప పైకి వచ్చి జ్యోతి తల నిమిరాడు. జుట్టులో ఇంకా ఇసుక ఉంది. ఆ ఇసుక చేతికి తగిలాక ఆయన గొంతు మారింది. "నమ్మి పంపిస్తే ఇట్లనా అక్కా చేసేది? నువ్వు గాక ఇంకెవరైనా అయ్యింటే..." జ్యోతిని దగ్గరికి లాక్కున్నాడు. "చెప్పకుంటే నాకు తెలిసేది కూడా కాదు కదా."

"అందుకే చెప్పినా" అంది అక్క.

ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పమని ఆమెను పిలిచారు. సంఘమంతా కేకలు వేసి స్తుతించడానికి సిద్ధంగా ఉంది. ఆమె లేచి, "దేవుడు కాపాడినాడు. ఆయనకు మహిమ. కానీ ఆయన కాపాడల్సి వచ్చింది నా వల్ల. అది ముందు చెప్పల్ల" అంది. "మన చెరువు లెక్కన సముద్రాన్ని చూసినా. ఆడుండే వాళ్ళను ఒక్క మాట అడగలే. నాకు కావాల్సిన వాక్యాన్ని ఆ నీళ్ళ మీద చదువుకున్నా, ఆ నీళ్ళు ఏం చెప్తాండాయో చదవలే. ప్రార్థన చేస్తిమి కదా అని అడగడం మానేస్తిమి. అది విశ్వాసం కాదు. సోమరితనం." ముందు వరసలో ఎవరో, "మహిమపరచాల్సిన చోట ఇదేం మాటమ్మా" అని గొణిగారు. మూడో వరసలో నేను తల వంచుకుని కూర్చున్నాను. తోవ చూపించింది నేను. నా పేరు ఆమె నోట రాలేదు.

పెద్దలు ఆదివారపు బడిని ఇంకొకరికి అప్పగించారు. ఆమె పిల్లల వరసకు వెనకాల, గోడకు ఆనుకుని కూర్చుని పాఠం వినేది. నారాయణప్ప చాలా నెలలు వేరే వాళ్ళతో అచ్చు అతికించుకున్నాడు. మరుసటి ఎండాకాలం ఆమె నన్ను తోడు రమ్మని మళ్ళీ అదే ఊరికి తీసుకువెళ్ళింది. ముసలాయన గుర్తుపట్టాడు.

"మళ్ళీ వచ్చారా! ఈసారి ఎవుర్ని ముంచటానికి?"

"ఈతూరి ఎవుర్నీ కాదులే తండ్రీ, నేర్చుకునే దానికొచ్చినా."

"మీ ఊళ్ళో సముద్రం లేదు గదా. నేర్చుకొని ఏం చేస్తావు?"

"మా పిల్లోల్లకు కాళ్ళుండాయి కదా. యాడికైనా పోతారు."

రెండు రోజులు ఆయన దగ్గర కూర్చుంది. ఏ గాలికి నీళ్ళు ఎలా మారతాయి, పిల్లలను ఏ వేళకు దించవచ్చు, ఏ వేళకు దించకూడదు, లాగేస్తే ఏం చేయాలి అన్నీ అడిగింది. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడగడానికి ఆమెకు సిగ్గు లేదు. బి.ఎడ్. చదివిన నాకు ఒక్కసారి అడగడానికే సిగ్గు. మూడేళ్ళ తరువాత సంఘం మళ్ళీ ప్రయాణం పెట్టి, బాధ్యత ఆమెకే ఇచ్చింది. మొదటి పేరు ఇచ్చింది నారాయణప్ప. తన చిన్న కూతురి పేరు. "జరిగింది జరిగినట్ల చెప్పే మనిషి నువ్వొక్కదానివే అక్కా" అన్నాడు.

ఆమె చివరి రోజుల్లో పెనుకొండలో చెల్లెలి ఇంట్లో ఉంది. నేను అప్పటికి హిందూపురంలో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె కాళ్ళకు నూనె రాస్తూ, ఏళ్ళ తరబడి దాచుకున్న మాట చెప్పాను. "అక్కా, ఆ పొద్దు తోవ చూపిచ్చింది నేను. ముసలాయన అడిగినప్పుడూ చెప్పలేదు, సంఘంలోనూ చెప్పలేదు."

"చూపిచ్చింది నువ్వు, దిగమనింది నేను. పిల్లోల్లను దించే మనిషిది తప్పు" అంది. "నాకు చెప్తే ఏమొస్తుంది? నాకు తెలిసిందే కదా. జ్యోతికి చెప్పినావా?" అని అడిగింది.

జ్యోతి పుట్టపర్తిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. ఆ వారమే వెళ్ళాను. డ్యూటీ మధ్యలో బయట బెంచీ మీద కూర్చుని విన్నది. తరువాత అంది, "నేను జత చెయ్యి ఇడిసి ట్యూబు పట్టుకుంటి అక్కా. అందుకే అట్లాయె అనుకుంటి ఇన్నేండ్లు. మా నాయన ముందర కరుణమ్మక్క తప్పు నాదంటే, నన్ను కాపాడేదానికి తన మీద ఏసుకుంటాందిలే అనుకుంటి." నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

పన్నెండేళ్ళ పిల్ల మోయకూడని బరువును నేను నోరు మూసుకుని ఆమె మీద పెట్టాను. అంతకాలమూ నేను దాన్ని నా సొంత బాధ అనుకున్నాను.

తిరిగి పెనుకొండ వెళ్ళి చెప్పాను. "నవ్వినాదా, ఏడ్సినాదా?" అని అడిగింది అక్క. రెండూ అన్నాను. "సరేలే" అని కళ్ళు మూసుకుంది. మరి కొన్ని వారాలకు ప్రభువు ఆమెను పిలుచుకున్నాడు.

ఇప్పుడు పిల్లల ప్రయాణాలకు పుస్తకం రాసేది నేనే. దాని మొదటి పేజీలో ఆటలు ఉండవు, వేళలు ఉండవు. అలలు విరగని తోవను దేవుడిచ్చిన తోవ అని ఒకసారి నేను చూపించాననీ, ఒక పాప దాదాపు తిరిగి రాలేదనీ రాసి ఉంటుంది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఆ పేజీ చదువుతాను. విన్నాక కొందరు పేర్లు వెనక్కి తీసుకుంటారు, తీసుకోనిస్తాను. స్నానం ఎక్కడ, ఎప్పుడు అన్న చోట గీత మాత్రం గీసి ఖాళీగా వదులుతాను. ఆ ఊరి మనిషి చెప్పాకే నింపుతాను.

వచ్చే వారం నలభై మంది. చదువుతున్న మీరు దయచేసి మాతో కలిసి ప్రార్థించండి. అలలు అణగాలని అడగకండి. తెలియని చోట తెలియదని చెప్పే నోరు, తప్పు చేసిన రోజే నాది అని చెప్పే నోరు మాకు ఇమ్మని అడగండి. ఆమేన్.